ఏపీ అంటే ఆంధ్రా కాదంట! మా అమ్మతో బోర్డ్ గేమ్ కేఫ్‌కి మూడుసార్లు వెళ్ళొచ్చాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, కేఫ్ పేరు రాయట్లేదు. మొదటిసారి నాకు ఒళ్ళు మండించిన చోటే మూడోసారికి మా అమ్మకి పుట్టిల్లయిపోయింది, ఇప్పుడు పేరు పెట్టి తిడితే ఆవిడ ఊరుకోదు. హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసులున్న వైపు, రెండో ఫ్లోర్, గోడ నిండా గేమ్ డబ్బాలు, అంతవరకు చాలు. ఇలాంటివి ఇప్పుడు చాలా వచ్చాయి కాబట్టి మీరు వెళ్ళేది ఏదైనా ఇది పనికొస్తుందనుకుంటున్నా.

మామూలు విషయాలు ముందు కానిచ్చేస్తా. పార్కింగ్ గురించి మర్చిపోండి, ఆటోలో వెళ్ళండి. మనిషికి గంటకి 150, ఎన్ని గేమ్స్ అయినా ఆడుకోవచ్చు. ఫ్రైస్ రెండుసార్లు చల్లారిపోయి వచ్చాయి, టీ పర్లేదు. గేమ్స్ నీట్‌గా పెట్టారు, ముక్కలు పోలేదు, కార్డులకి ప్లాస్టిక్ తొడుగులు వేశారు. అసలు నేను రాయాలనుకున్నది ఇవేవీ కాదు, అక్కడ మాట్లాడే భాష గురించి.

మొదటిసారి వెళ్ళింది నలుగురం, నేను, మా ఆయన, మా మరిది, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ. మరిది బెంగళూరులో చదివేటప్పుడు ఈ గేమ్స్ పిచ్చి పట్టించుకున్నాడు, వాడే తీసుకెళ్ళాడు, తీసుకెళ్ళి ఎవరో ఫ్రెండ్స్ కనిపిస్తే వాళ్ళ టేబుల్‌కి వెళ్ళిపోయాడు (దాని సంగతి ఇంట్లో తేల్చాంలెండి). మేం ముగ్గురం కౌంటర్ దగ్గర మిగిలాం. అక్కడున్న అబ్బాయి పాపం మంచివాడే, నవ్వుతూనే అడిగాడు, "ఏం ప్రిఫర్ చేస్తారు, యూరోనా, పార్టీ గేమా, కో-ఆపా?" అని. మా ఆయన "రూపాయల్లోనే కడతాం బాస్" అన్నాడు, జోక్‌లా అన్నాడు కానీ నిజంగా తెలీకే అన్నాడు (యూరో అంటే యూరప్ తరహా వ్యూహం ఆటలంట, కో-ఆప్ అంటే అందరూ ఒకే జట్టుగా ఆడేవి). అబ్బాయి నవ్వలేదు. ఒక పెద్ద డబ్బా తీసి "ఇది మిడ్ వెయిట్ యూరో, వర్కర్ ప్లేస్‌మెంట్, కొంచెం ఇంజిన్ బిల్డింగ్ ఉంటుంది, బాగుంటుంది, కాకపోతే ఏపీ ఉన్నవాళ్ళు టేబుల్‌లో ఉంటే బాగా లాగుతుంది" అన్నాడు.

మా అమ్మ వెంటనే "మేం ఏపీనే బాబూ, తెనాలి. ఏం, ఏపీ వాళ్ళకి ఆటలు రావా?" అంది.

ఈసారి అబ్బాయి నవ్వాడు, పక్క టేబుల్ వాళ్ళూ నవ్వారు. ఏపీ అంటే అనాలిసిస్ పెరాలిసిస్ అంట. వంతు వచ్చాక ఏ ఎత్తు వెయ్యాలో తేల్చుకోలేక అలా ఆలోచిస్తూ కూర్చుండిపోవడం. దానికి ఇంత పేరా! మా తాతయ్య చదరంగం ఆడేటప్పుడు అవతలాయన లేట్ చేస్తే "ఏవయ్యా, గుడ్లు పెడుతున్నావా" అనేవాడు, అయిపోయేది.

మా అమ్మకి ఇంగ్లీష్ రాక కాదండీ. 30 ఏళ్ళు హైస్కూల్లో లెక్కల టీచర్‌గా చేసి రిటైర్ అయింది. వర్కర్ తెలుసు, ప్లేస్‌మెంట్ తెలుసు, ఇంజిన్ తెలుసు, బిల్డింగ్ తెలుసు, విడివిడిగా అన్నీ తెలుసు, కలిపితే మాత్రం కాలేజీ క్యాంపస్ ఇంటర్వ్యూల గురించో రైల్వే వర్క్‌షాప్ గురించో చెప్తున్నట్టుంది (వర్కర్ ప్లేస్‌మెంట్ అంటే మన బొమ్మల్ని పనులున్న గళ్ళలో పెట్టడం, ఇంజిన్ బిల్డింగ్ అంటే వచ్చిన సరుకుతో ఇంకా సరుకు వచ్చేలా ఏర్పాటు చేసుకోవడం, అంతేనంట). తెలీని భాష అయితే తెలీదులే అని ఊరుకుంటాం, తెలిసిన మాటలతోనే అర్థం కాకుండా మాట్లాడితే మనకే బుర్ర లేదేమో అనిపిస్తుంది. ఆవిడ మొహం చూస్తే నాకు అదే కనిపించింది.

నేర్పడం 25 నిమిషాలు పట్టింది. వీపీ, అప్‌కీప్, యాక్షన్ సెలెక్షన్, టై బ్రేకర్. వీపీ అంటే విక్టరీ పాయింట్స్ అని పదో నిమిషంలో మా ఆయన ఆపి అడిగితే తెలిసింది, అప్పటిదాకా ముగ్గురం తల ఊపుతూనే ఉన్నాం, ఎందుకు ఊపామో తెలీదు. గంట కాకముందే లేచి వచ్చేశాం. లిఫ్ట్‌లో అమ్మ "నాకు అష్టాచమ్మా చాలమ్మా" అంది. 5కి 2 అని ఫోన్‌లో కొట్టేశా కూడా, పోస్ట్ చెయ్యలేదు.

ఎందుకు చెయ్యలేదంటే ఇంటికొచ్చాక నాకు నా పెళ్ళయిన ఏడాది సంక్రాంతి గుర్తొచ్చింది. అత్తారింట్లో భోజనాలయ్యాక దుప్పటి పరిచి రమ్మీకి కూర్చున్నారు, నన్నూ కూర్చోమన్నారు. మా ఇంట్లో పేక ముట్టనిచ్చేవాళ్ళు కాదు. 13 ముక్కలు చేతికొచ్చాయి, ఇస్పేటు ఏదో కళావరు ఏదో తెలీదు, ఆఠీను అంటే ఏదో మందు పేరనుకున్నా. మామగారు "లైఫ్ ఉందా అమ్మా?" అని అడిగారు. జోకర్ లేకుండా ఒకే రంగులో వరసగా మూడు ముక్కలు కలిస్తే దాన్ని లైఫ్ అంటారు, అది లేకపోతే మిగతావి ఎంత బాగా కలిసినా లెక్కలోకి రాదు, ఎవరైనా షో కొడితే చేతిలో ఉన్నదంతా కౌంటే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం "ఉందండీ మామయ్యగారూ" అనేశా, లైఫ్ లేదని ఎవరంటారు చెప్పండి! ఫుల్ కౌంట్, 80. అందరూ నవ్వారు, ప్రేమగానే నవ్వారు, నాకు మాత్రం లేచి వంటింట్లోకి పోవాలనిపించింది. రెండో ఆటకి మా తోడికోడలు వచ్చి పక్కన కూర్చుని, ఏం చెప్పకుండా నా చేతిలో ముక్కలు తీసి మూడు పక్కపక్కన సర్ది "ఇదిగో, ఇదే లైఫ్" అంది. అంతే, ఇంక జన్మలో మర్చిపోలేదు.

అంటే ఆ మాట తప్పు కాదు. లైఫ్ అనే మాట లేకపోతే ప్రతిసారీ "జోకర్ లేకుండా ఒకే రంగులో" అని మొత్తం చెప్పుకోవాలి, ఆట తెల్లారిపోతుంది. మాట, ముక్క రెండూ ఒకేసారి చూపించేవాళ్ళు పక్కన ఉన్నారా లేదా, నా గొడవంతా ఇదే.

రెండోసారి మరిది బతిమాలితే వెళ్ళాం, వాడు ఈసారి ఎక్కడికీ పోనని ఒట్టేశాడు. ఆ రోజు వేరే అమ్మాయి ఉంది, వరంగల్ పిల్ల, మమ్మల్ని చూడగానే "దా అమ్మా కూసోండ్రి, చాయ్ చెప్పాల్నా?" అంది. గేమ్ తనే తెచ్చింది, కటాన్. ఇది తెలీనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. జర్మనీలో 1995లో వచ్చింది, చేసినాయన క్లాస్ టాయ్‌బర్, పళ్ళ కట్టుడు సెట్లు తయారుచేసే పనిలో ఉండేవాడు, ఖాళీ టైమ్‌లో గేమ్స్ కనిపెట్టేవాడు. ఆ ఏడాదే అక్కడ ఏటా ఇచ్చే పెద్ద గేమ్ అవార్డు దీనికొచ్చింది. మొదట ఇంగ్లీష్‌లో దీని పేరు సెటిలర్స్ ఆఫ్ కటాన్, 2015లో ముందు మాట తీసేసి ఉత్త కటాన్ అని పెట్టారు. మరిది ఆ పాత పేరు చెప్పగానే మా ఆయన "కూకట్‌పల్లిలో ఉంటూ సెటిలర్స్ అంటే మనకి వేరే చెప్పాలా" అన్నాడు, ఆ వరంగల్ పిల్ల పడీ పడీ నవ్వింది, ఆ నవ్వుతోనే సగం బెరుకు పోయింది అందరికీ.

ఆమె రూల్స్ చెప్పలేదు, బోర్డ్ పేర్చింది. ఆరు మూలల అట్టముక్కలు 19, ఒకటి ఎడారి, మిగతావి అడవి, పొలం, గడ్డి, మట్టి కొండ, రాయి కొండ. ఎడారి తప్ప ప్రతి దాని మీద ఒక నంబర్ బిళ్ళ. రెండు పాచికలు కలిపి ఎంత పడితే ఆ నంబర్ ఉన్న చోట పంట వస్తుంది, దాని మూల మీద మన ఇల్లుంటే ఆ పంట మనకి. సెటిల్మెంట్ అన్న మాట వినగానే అమ్మ "అంటే భూమి గొడవలా?" అంది, మన సినిమాల్లో సెటిల్మెంట్ అంటే అదేగా మరి. పిల్ల "కాదమ్మా, ఇల్లు. పెద్దగైతే బంగ్లా" అని చెక్క ముక్కలు రెండూ చేతిలో పెట్టింది. సెటిల్మెంట్, సిటీ ఇంక మా టేబుల్ మీద వినబడలేదు, ఇల్లు బంగ్లా అంతే.

నాకు బాగా నచ్చింది నంబర్ బిళ్ళల కింద చుక్కల సంగతి. 6కి, 8కి ఐదేసి చుక్కలుంటాయి, ఆ నంబర్లు ఎర్రగా కూడా ఉంటాయి, 2కి, 12కి ఒక్కటే చుక్క. ఆడేవాళ్ళు వీటిని పిప్స్ అంటారు, పిప్స్ కౌంట్ చెయ్యి అంటారు. ఈ పిల్ల ఏమందంటే "చుక్కలు ఎక్కువున్న కాడ ఇల్లు కట్టుండ్రి, అమ్మా" అంది. మా అమ్మ రెండు సెకన్లు చూసి "ఓ, 36లో ఐదుసార్లా" అంది! రెండు పాచికలకి 36 రకాలుగా పడే అవకాశం ఉంటే 6 ఐదు రకాలుగా పడుతుంది, 7 ఆరు రకాలుగా, అందుకే 7కి బిళ్ళ లేదు, 7 పడితే దొంగ వస్తాడు, చేతిలో 7 కంటే ఎక్కువ కార్డులున్నవాళ్ళు సగం పారెయ్యాలి. ఇదంతా అమ్మే మాకు చెప్పింది. పది రోజుల ముందు అదే మనిషి నాకు అష్టాచమ్మా చాలమ్మా అంది.

మొదట ఇళ్ళు పెట్టేటప్పుడు మరిది నోరు జారి "స్నేక్ డ్రాఫ్ట్ కదా" అన్నాడు. అమ్మ పాము ఎక్కడుందా అని బోర్డంతా వెతికింది, వైకుంఠపాళి అలవాటు. ఒకటి రెండు మూడు నాలుగు అని వెళ్ళి, నాలుగు మూడు రెండు ఒకటి అని వెనక్కి రావడాన్ని అలా అంటారు. పిల్ల "అటు పోయి ఇటు వచ్చుడు" అని వేలితో గీసి చూపించింది. చివరివాడికి వరసగా రెండు పడతాయి కాబట్టి అన్యాయం జరగదు. పాము అనే మాట ఒక్కసారి బొమ్మతో చూస్తే ఎంత బాగుందో, ఇప్పుడు మా ఇంట్లో గారెలు వడ్డించేటప్పుడు కూడా స్నేక్ డ్రాఫ్ట్ అంటున్నాం.

డబ్బాలో ఒక్కొక్కళ్ళకీ ఒక చిన్న కార్డ్ ఇస్తారు, దేనికి ఏం కావాలో బొమ్మలతో ఉంటుంది. రోడ్డుకి ఒక ఇటుక ఒక కట్టె, ఇంటికి ఇటుక కట్టె గొర్రె గోధుమ ఒక్కోటి, బంగ్లాకి రెండు గోధుమ మూడు రాయి. ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే మంచి వస్తువు ఇదే. కానీ రూల్స్ పుస్తకంలో లంబర్, గ్రెయిన్, వూల్ అని రాసుంటుంది, ఆడేవాళ్ళు ఎవ్వరూ అలా అనరు, ఉడ్, వీట్, షీప్ అంటారు. పుస్తకం చదివి వచ్చినవాడు టేబుల్ దగ్గర బిక్కమొహం వేస్తాడు. మాకు ఆ గొడవే లేదు, మేం గొర్రెలు అన్నాం, బూడిద రంగు రాయిని అమ్మ బొగ్గు అంది, చివరిదాకా బొగ్గే. "రెండు గొర్రెలిస్తా ఒక ఇటుకివ్వు", "పో, ఇందాక నాకు బొగ్గు లేదన్నావు", రైతుబజార్ లాగా అయిపోయింది టేబుల్. 10 పాయింట్లకి ఆట అయిపోతుంది, మా ఆయన గెలిచాడు, అమ్మకి 9. రోడ్డు పొడుగుకి వచ్చే రెండు పాయింట్లు చివర్లో మా ఆయన లాగేసుకున్నాడు, అల్లుడుగారు కాబట్టి ఏం అనలేదు కానీ కారులో మాట్లాడలేదు.

మధ్యలో ఒకటి జరిగింది, అది కూడా రాయాలి. పక్క టేబుల్ నుంచి రెగ్యులర్‌గా వచ్చే ఒకతను వచ్చి వెనక నుంచొని "ఆంటీ, అది సబ్ ఆప్టిమల్, ఓర్ వీట్ షీప్ కి వెళ్ళండి, డెవ్ కార్డ్స్ కొట్టండి" అని మొదలెట్టాడు. బంగ్లాలు, డెవలప్‌మెంట్ కార్డులు అన్నీ రాయి గోధుమ గొర్రెల మీదే నడుస్తాయి, సలహా మంచిదే. అమ్మ కార్డులు కింద పెట్టి "నువ్వే ఆడు నాయనా" అంది. ఇలా పక్కనోళ్ళ ఆట కూడా తనే ఆడేవాణ్ణి వాళ్ళ భాషలోనే ఆల్ఫా గేమర్ అంటారంట. అంటే తిట్టు కూడా వాళ్ళ దగ్గరే రెడీగా ఉంది! వరంగల్ పిల్ల నవ్వుతూనే "అన్నా, నీ టేబుల్ల నీ వంతొచ్చింది జూడు" అని పంపించేసింది. నేర్పడానికి ఆమెకి 5కి 5, ఈ ఒక్క మాటకి ఇంకో అర.

మూడోసారి ఆదివారం. మూలన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కళ్ళూ ఒక పాత్ర అయిపోయి కథ నడుపుకుంటూ ఆడే ఆట) ఆడుతున్నారు, మరిది అటే. నేను కాసేపు పక్కన కూర్చున్నా. "నీ ఏసీ ఎంత?" అని ఒకడు, "16" అని ఇంకొకడు. నేను పైకి చూశా, చలిగానే ఉంది మరి. ఏసీ అంటే ఆర్మర్ క్లాస్, మనల్ని కొట్టాలంటే అవతలివాడు 20 ముఖాల పాచిక వేసి, తన బలం దానికి కలిపి, ఆ నంబర్ అందుకోవాలి. ఈ ఆట 1974 నుంచి ఉంది. పాత రోజుల్లో ఏసీ తగ్గేకొద్దీ మంచిదంట, దాన్ని కొట్టడానికి థాకో అని ఒక లెక్క, ఎదురు తీసివేతలు, 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో అది తీసేసి ఎక్కువ ఉంటే మంచిది అని మార్చారు. 2014 ఎడిషన్‌లో అయితే చాలా చోట్ల కూడికలు తీసివేతలు కూడా ఎత్తేసి అడ్వాంటేజ్ అని పెట్టారు, రెండు పాచికలు వెయ్యి, పెద్దది తీసుకో. మాట వింటేనే సగం అర్థమైపోతుంది. థాకో అని వింటే ఏం అర్థమవుతుంది? కానీ మరిది టేబుల్‌లో ఒక పెద్దాయన థాకో గురించి మాట్లాడుతుంటే కళ్ళు మెరుస్తున్నాయి, మనం పాత రేషన్ లైన్ల గురించి చెప్పుకున్నట్టు. కష్టపడి నేర్చుకున్న మాట వదలబుద్ధి కాదేమో.

మాటలు ఆడేవాళ్ళ నోటినుంచి ఆటలోకి కూడా వెళ్తాయి. కార్కసోన్ అనే ఆటలో మనిషి ఆకారం చెక్కబొమ్మలుంటాయి, 2000లో అమెరికాలో ఒకావిడ ఆడుతూ ఆడుతూ మై, పీపుల్ రెండూ కలిపి మీపుల్ అనేసింది, ఇప్పుడు ప్రపంచమంతా మీపులే. మ్యాజిక్ అనే కార్డుల ఆటలో 1994లో మిల్‌స్టోన్, అంటే తిరగలి రాయి, పేరుతో ఒక కార్డ్ వచ్చింది, అది అవతలివాడి పేకలోంచి కార్డులు అరగదీస్తుంది, దాన్ని బట్టి ఆడేవాళ్ళు మిల్ చెయ్యడం అన్నారు, 2020లో కంపెనీ ఆ మాటనే కార్డుల మీద ప్రింట్ చేసింది. పిల్లల ముద్దుమాట రేషన్ కార్డులో ఎక్కినట్టు.

కేఫ్ వాళ్ళకి ఒక్క రిక్వెస్ట్. మీ గేమ్ మెనూలో వెయిట్ 1 నుంచి 5 అని రాశారు, అది ఆట ఎంత కష్టమో చెప్పే నంబర్ అని ఎక్కడా లేదు. మా అమ్మ "బరువు తక్కువది ఇవ్వు బాబూ, మోకాళ్ళ నొప్పులు" అంది, నిజంగానే అంది.

ఆ బాబు మొదటి రోజు అబ్బాయే. ఆ ఆదివారం జనం తక్కువ, వాడు వచ్చి మా దగ్గరే కూర్చున్నాడు. అమ్మ సంచీలోంచి గవ్వలు నాలుగు తీసింది (తెనాలి నుంచి తెచ్చుకుందంట, నాకే తెలీదు), బిల్లు వెనకాల అయిదు గళ్ళు ఇంటూ అయిదు గళ్ళు గీసింది, గట్టులకి ఇంటూ మార్కులు పెట్టింది, టీ కప్పు కింద పేపర్ అదిమి, చక్కెర ప్యాకెట్లు చింపి నాలుగు కాయలు చేసి వాడి ముందు పెట్టింది. వాడికి అష్టాచమ్మా పేరు తెలుసు, ఎప్పుడూ ఆడలేదంట.

ఇంక మొదలైంది. "చమ్మా పడింది, మళ్ళీ వెయ్. అష్టా పడితే ఎనిమిది, మళ్ళీ వెయ్. గట్టు మీదున్నదాన్ని చంపకూడదు. ఆగాగు, లోపలికెళ్ళకు, నువ్వింకా ఒక్కటీ చంపలేదు. చంపకుండా కాయ ఎలా పండుతుంది?"

వాడు గవ్వలు చేతిలో పట్టుకుని అలా చూస్తున్నాడు. "పండడం అంటే ఆంటీ?"

"పండడం తెలీదా! కాయ పండదూ?"

"అంటే... ఒక హిట్ చేస్తే ఇన్నర్ ట్రాక్ అన్‌లాక్ అవుద్దా? సెంటర్‌కి వెళ్తే స్కోరా?"

"అన్‌లాక్ ఏంట్రా, తాళం ఎక్కడుంది ఇక్కడ?"

వరంగల్ పిల్ల ట్రేతో వెళ్తూ ఆగి, వంగి, వాడి చక్కెర ప్యాకెట్ ముక్క ఒకటి తీసి బయటి గళ్ళన్నీ తిప్పి, అమ్మ కాయని తప్పించి, లోపలి గళ్ళు తిప్పి, నడిమధ్య గడిలో పెట్టి "గిది. గిక్కడికొస్తే పండు" అంది. అమ్మ ఆ ముక్క తీసి మళ్ళీ వెనక్కి పెట్టేసింది, అది లెక్కలోకి రాదంట, వాడింకా ఏదీ చంపలేదు కదా. ఫ్రైస్ ఈసారి వేడిగా వచ్చాయి, ఎవరూ ముట్టలేదు, వాడు వంతు వచ్చి కూడా రెండు నిమిషాలు గవ్వలు అరచేతిలో ఆడిస్తూ కూర్చున్నాడు. అమ్మ నా వైపు తిరిగి "ఇదేనా ఏపీ?" అంది.